పెట్టె తెరిచి చూశావా?

ఇంటి నుంచి,
మార్చి 3

తమ్ముడికి,

కొండ మీద చలి తగ్గిందా? పోయినసారి పంపిన ఉన్ని మేజోళ్లు వేసుకుంటున్నావా, పరుపు కింద దాచావా? నీ సంగతి నాకు తెలియనిది కాదు కాబట్టి అడుగుతున్నాను.

అసలు విషయానికి వస్తాను. నువ్వు అమర్చి ఇచ్చిన కంప్యూటర్ మొండికేసింది. వీడియో పెడితే మాట ముందు వినిపిస్తుంది, పెదవులు తీరిగ్గా తర్వాత కదులుతాయి. పాఠం చెప్పే టీచరమ్మ చెయ్యి ఎత్తితే ఆ చెయ్యి మోచేతి దగ్గర అడ్డంగా చీలి, పై ముక్క ఒక పక్క, కింది ముక్క ఒక పక్క కనిపిస్తోంది. కాసేపు ఆడి బిగుసుకుపోతుంది. లోపల ఫ్యాను ఒకటే రొద. వినపడని పిల్లల కోసం పాఠాల కింద మాటలు రాసేదాన్ని నేను. ఏ మాట ఏ క్షణాన పెదవి దాటిందో కనిపించకపోతే అక్షరాలు ఎక్కడ పెట్టను? నేను చేసిన పాఠాలను మా సూపర్‌వైజరమ్మ తిప్పి పంపింది. "ఈ వయసులో పెళ్లి చేసుకుని ధ్యాస తప్పింది" అని వెనకాల అంటోందట.

మిగతా కబుర్లు మామూలే. ఆయన ఇల్లు సర్దే పనిలో పడ్డారు. నేను మెడ వంచి వంచి పని చేస్తున్నానని బల్ల కాళ్ల కింద చెక్క దిమ్మెలు పెట్టి ఎత్తు చేశారు. నిజంగానే మెడ నొప్పి తగ్గింది. ఏదో పొడుగు తీగ కొనాలంటూ బజారంతా గాలిస్తున్నారు. ఈయనకు తీగలంటే ఎందుకంత ప్రాణమో! కంప్యూటర్ సంగతి చెబితే "నేనోసారి చూడనా?" అన్నారు. "వద్దండీ, తమ్ముడు తప్ప ఎవరూ ముట్టుకోకూడదని షరతు" అన్నాను. సరేనని ఊరుకున్నారు.

నీ కొండకు ఫోను ఎక్కదు కనుక ఈ ఉత్తరానికి వెంటనే జవాబు రాయి.

ఆశీస్సులతో,
అక్క


వాతావరణ కేంద్రం నుంచి,
మార్చి 7

అక్కకు,

మేజోళ్లలో ఒకటి వేసుకున్నాను. రెండోదానిలో ఎలుక కాపురం పెట్టింది.

ఇక్కడ స్తంభం మీదికి పరికరాలను ఎక్కించే కప్పీ మోటారు మళ్లీ మొరాయించింది. కంపెనీవాళ్లు వచ్చేదాకా నిచ్చెనెక్కి గాలి వేగం కొలిచే గిన్నెలు తుడుస్తున్నాను. మా వంటాయన స్క్రూడ్రైవరు పట్టుకుని ఆ మోటారు చుట్టూ తిరగడం చూసి, పెట్టెకు తాళం వేసి చెవి నా దగ్గరే పెట్టుకున్నాను. తెలియని చెయ్యి పడితే బాగున్నది కూడా పోతుంది. ఇది నీకూ వర్తిస్తుంది.

నీ జబ్బుకు నేను అనుకునే కారణం ఇది. నీ కంప్యూటర్‌ను నడిపే లినక్స్ దానంతటదే అప్‌డేట్ అయ్యి, దాని గుండెకాయలాంటి కెర్నెల్‌ను కొత్తది తెచ్చుకుని ఉంటుంది. తెర మీద బొమ్మ గీయడానికి నేను పెట్టిన గ్రాఫిక్స్ కార్డును నడిపే డ్రైవర్ ప్రోగ్రామ్‌ను మళ్లీ ఆ కెర్నెల్‌కు సరిపడేలా ఎక్కించాలి. లేకపోతే వీడియో విప్పే పని కార్డు చెయ్యదు, పాపం ప్రాసెసరే మొయ్యాలి. నీ ఫ్యాను రొద అదే. విడి కాగితంలో ఏం టైప్ చెయ్యాలో వరసగా రాశాను. తెర నల్లబడితే భయపడకు. మళ్లీ ఆన్ చేసేటప్పుడు వచ్చే పట్టికలో పాత కెర్నెల్‌ను ఎంచుకో.

ఇంకొక మాట. కారణం అదే కాకపోవచ్చు. నేను ఏ పరికరాన్నీ ఒంటరిగా నమ్మను. మాకు ఇక్కడ వాన కొలిచే పాత్రలు రెండున్నాయి. రెండూ ఒకే మాట చెబితేనే పుస్తకంలో రాస్తాం. కాబట్టి అడుగుతున్నాను: నేను వెళ్లాక నీ కంప్యూటర్ పెట్టెను ఎవరైనా తెరిచారా? ఆ ఇంట్లో స్క్రూడ్రైవర్ల సంచితో తిరిగే మనిషి ఎవరో నేను వేరే చెప్పక్కర్లేదు. లిఫ్టాయనను అడుగు.

తమ్ముడు


ఇంటి నుంచి,
మార్చి 11

తమ్ముడికి,

ముందు ఒకటి చెబుతాను విను. ఆయనకు లిఫ్టాయన అని పేరు పెట్టి పిలవాల్సిన ఖర్మ నీకు లేదు. బావ అని రెండక్షరాలు. నోరు నొప్పెడుతుందా?

నీ కాగితంలో ఉన్నదంతా అచ్చు గుద్దినట్టు చేశాను. డ్రైవర్ ఎక్కింది. మళ్లీ ఆన్ చేశానా, తెర మొత్తం కాటుక. నువ్వు చెప్పినట్టే పాత కెర్నెల్ ఎంచుకుంటే బొమ్మ వచ్చింది. వీడియో మాత్రం ఎప్పటిలాగే చీలుతోంది. ప్లేయర్ సెట్టింగుల్లో వీడియో విప్పే పని కార్డుకు అప్పజెప్పమన్నావు, అదీ చేశాను. కుదరదని ఎర్ర అక్షరాల్లో జవాబిచ్చింది.

ఎవరూ తెరవలేదు అని రాద్దామనుకున్నాను. కానీ నువ్వు అడిగాక పెట్టె వెనక్కి తొంగి చూశాను. ఎప్పుడూ బూజు పట్టి ఉండే చోటు అద్దంలా మెరుస్తోంది. ఆయనను అడిగితే "దుమ్ము దులిపాను" అన్నారు. ముట్టుకోవద్దన్నాను కదా అంటే "దుమ్మును ముట్టుకున్నాను, యంత్రాన్ని కాదు" అన్నారు. నవ్వాలో కోప్పడాలో తెలియలేదు.

నీకు తెలిసిందే మళ్లీ చెప్పనా? మా ఆఫీసు లిఫ్టులో ఇరుక్కుపోయిన రోజున ఆయన ముఖం నేను చూడలేదు. తలుపు అవతల నిలబడి, "మీరు కూర్చోండమ్మా, నేనిక్కడే ఉన్నాను" అంటూ లిఫ్టు బాగుచెయ్యడం అయ్యేదాకా మాట్లాడుతూనే ఉన్నారు. ఆ గొంతును నమ్మి పెళ్లి చేసుకున్నాను. అటువంటి మనిషిని స్క్రూడ్రైవర్ల సంచి చూపించి అనుమానించమంటావా?

మరి ఇంకో మాట, నువ్వు అప్పుడు నిజంగా కొత్త కార్డే పెట్టావా? నీ కేంద్రంలో మూలపడ్డ పాతది కాదు కదా?

అక్క


వాతావరణ కేంద్రం నుంచి,
మార్చి 14

అక్కకు,

పాత కార్డు పెట్టానా అని అడిగావు. ఆ కార్డు డబ్బా సీలు నీ చేత్తోనే విప్పించాను. మరిచిపోయావంటే ఎవరో నీ చెవిలో ఏదో ఊదుతున్నారన్నమాట.

తెర నల్లబడటం నాకు నచ్చలేదు. డ్రైవర్ సరిగ్గా ఎక్కాక నల్లబడిందంటే, బొమ్మ కార్డును వెతుక్కుంటూ ఎక్కడికో పోతోందని అర్థం.

ఈ ఉత్తరం వెనక రెండు లైన్లు రాశాను. మొదటిది టైప్ చేస్తే నీ తెర మీద బొమ్మను ఎవరు గీస్తున్నారో చెబుతుంది. రెండోది పెట్టెలో ఉన్న భాగాలన్నిటినీ ఏకరువు పెడుతుంది. రెండోదాన్ని కొట్టేశాను, చూడు. నువ్వు ఏకరువు మొదలుపెడితే మెడనొప్పి, చెక్క దిమ్మెలు, సూపర్‌వైజరమ్మ అన్నీ వస్తాయి. నాకు మొదటి లైనుకు వచ్చిన జవాబు ఒక్కటి చాలు. కబుర్లు వద్దు.

ఆయన మధ్యాహ్నాలు ఎక్కడికి వెళతారు? ఊరికే అడుగుతున్నాను.

తమ్ముడు


ఇంటి నుంచి,
మార్చి 18

తమ్ముడికి,

నీ ఒక్క లైనుకు వచ్చిన జవాబును ఈ చీటీలో ఎత్తి రాశాను. నువ్వు పెట్టిన కార్డు పేరు అందులో లేదు. వేరే ఏదో ఉంది.

కబుర్లు వద్దన్నావు కానీ రాయకుండా ఉండలేను. నువ్వు "ఊరికే అడుగుతున్నాను" అన్నావు చూడు, ఆ మాట చెప్పులో రాయిలా గుచ్చుతోంది. ఆయన సంచి తీసుకుని బయల్దేరితే మొన్న నేనూ కూరగాయల వంకతో వెనకే వెళ్లాను. ఇంతవరకూ మొగుడి వెనక నక్కి నక్కి నడిచింది లేదు, అదీ నీ పుణ్యమే. ఆయన మెయిన్ రోడ్డు దాటి, పాత కంప్యూటర్ సామాన్లు కొని అమ్మే వాళ్ల సందులోకి వెళ్లారు. ఒక దుకాణంలో గల్లా దగ్గర నిలబడి, సంచిలోంచి ఏదో తీసి చూపించారు. దుకాణంవాడు అటూ ఇటూ తిప్పి చూసి తల అడ్డంగా ఊపాడు. ఆయన మళ్లీ సంచిలో వేసుకున్నారు. నేను స్తంభం చాటున ఉన్నాను. ఏమిటో కనిపించలేదు.

ఇంటికొచ్చాక ఎక్కడికెళ్లారని అడిగితే, "అలా తిరిగొచ్చాను, దొరకలేదు" అన్నారు. ఏం దొరకలేదో అడగడానికి నోరు రాలేదు. అడిగితే నేను వెనక వచ్చినట్టు తెలిసిపోతుందని భయం.

నువ్వే చెప్పు, ఆ జవాబుకు అర్థమేమిటి?

అక్క


వాతావరణ కేంద్రం నుంచి,
మార్చి 21

అక్కకు,

తాడో పేడో తేలిపోయింది. నీ తెర మీద బొమ్మను గీస్తున్నది మదర్‌బోర్డులో పుట్టుకతో ఉన్న చిన్న చిప్. పాతకాలపుది. మీ ఆఫీసువాళ్లు పంపే కొత్తరకం వీడియోలు విప్పడం దానికి చేతకాదు. నా కార్డు ఉంటే ఆ చిప్ బొమ్మ గీయనే గీయదు. అంటే కార్డు నీ పెట్టెలో లేదు.

పెట్టె వెనక దుమ్ము ఎందుకు లేదో, సెకండ్‌హ్యాండ్ దుకాణంలో ఏం బేరం జరిగిందో ఇక నేను విడమరచి చెప్పాలా? పెళ్లికి ముందే అన్నాను, ఎవరు, ఏమిటి అని విచారించకుండా తలుపు అవతలి గొంతును నమ్మి ఇంట్లోకి తెచ్చుకుంటారా అని. నా మీద అలిగి నెల రోజులు ఉత్తరం రాయలేదు నువ్వు.

కార్డు పోతే పోనీ, ఇంకొకటి కొనుక్కోవచ్చు. ఈరోజు కార్డు తీసిన చెయ్యి రేపు ఇంకేం తీస్తుందో అదీ నా భయం. నీకు నేను తప్ప ఎవరున్నారు? ఆయనను సూటిగా అడుగు. అడిగినప్పుడు ముఖం చూడు.

తమ్ముడు


ఇంటి నుంచి,
మార్చి 25

తమ్ముడికి,

అడిగాను.

ఆయన కుర్చీ మరమ్మతు చేస్తున్నారు. ఎదురుగా నిలబడి, "నా కంప్యూటర్లో కార్డు ఏమైంది? ఆ దుకాణంలో ఏం అమ్మబోయారు?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. నువ్వు చెప్పినట్టే ముఖం చూశాను. చూడకుండా ఉండాల్సింది.

ఆయన సుత్తి కింద పెట్టారు. తర్వాత "పెట్టె తెరిచి చూశావా?" అన్నారు. లేదన్నాను. "చూడకుండానే అడుగుతున్నావా?" అన్నారు. తమ్ముడు చెప్పాడు అన్నాను. అంతే. సంచి సర్దుకున్నారు. సంచి నోరు తెరిచి నా ముందు పెట్టి, "చూసుకో" అన్నారు. నేను తల తిప్పుకున్నాను. చెప్పులు వేసుకుని తన పాత గదికి, లిఫ్టుల షెడ్డు మీద ఉండేవారే, అక్కడికి వెళ్లిపోయారు. కుర్చీ మూడు కాళ్ల మీద అలాగే ఉంది.

పెట్టె నా కళ్లెదురుగానే ఉంది. పక్క రేకుకు ఉన్న మరలు చేత్తోనే విప్పొచ్చు, నువ్వే చూపించావు. కానీ చెయ్యి రావడం లేదు. కార్డు లేకపోతే నేను మోసపోయినదాన్ని. ఉంటే, ఆయనను దొంగ అన్నదాన్ని. రెండింటిలో ఏది తక్కువో నాకు తేలడం లేదు. కానీ ఒకటి చెబుతాను, కార్డు ఉండకూడదని ఒక క్షణం అనుకున్నాను. నా మాట నిలబడుతుందని. అలా అనుకున్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

ఏం చెయ్యమంటావు?

అక్క


వాతావరణ కేంద్రం నుంచి,
మార్చి 28

అక్కా,

ఈ ఉత్తరం చదవగానే లేచి పెట్టె వెనక్కి వెళ్లు. మిగతాది తర్వాత చదువు.

పెట్టె వెనక తెర తీగ పెట్టుకునే రంధ్రాలు రెండుచోట్ల ఉంటాయి. పైన ఉన్నది మదర్‌బోర్డుది. కింద, అడ్డంగా ఉన్నది కార్డుది. తీగ ఎక్కడ ఉందో చూడు. పైదానిలో ఉంటే నేను మూర్ఖుణ్ని.

ఎలా తట్టిందంటావా? నీ ఉత్తరం జేబులో పెట్టుకునే ఈరోజు వాన కొలవడానికి వెళ్లాను. మొదటి పాత్రలో చుక్క లేదు. రాత్రంతా రేకు మీద వాన మోగింది. అలవాటు కొద్దీ రెండోదాని దగ్గరికి వెళ్లి చూస్తే, అందులో నీళ్లున్నాయి. మొదటిదాని మూతికి ఒక ఆకు అడ్డం పడింది, అంతే. అక్కడే నిలబడిపోయాను. ఒక్క పాత్రను చూసి వాన పడలేదని నేను ఎప్పుడూ రాయలేదు. ఒక్క లైను చూసి ఒక మనిషిని దొంగ అన్నాను. రెండో లైనును నా చేత్తోనే కొట్టేశాను. అది వేరేవాళ్ల గురించి అయితే కొట్టేసేవాణ్ని కాదు. ఆయన గురించి నేను అనుకుంటున్నదే మొదటి లైను చెప్పింది, అందుకని అది చాలనిపించింది.

నువ్వు మొదట్లోనే రాశావు, బల్ల ఎత్తు చేశారని, పొడుగు తీగ కోసం తిరుగుతున్నారని. పెట్టె నేల మీద, తెర పైకి. పాత తీగ కింది రంధ్రానికి అందక, అందిన పైదానిలో పెట్టి ఉంటారు. చూడ్డానికి రెండూ ఒకటే. కార్డు ఎప్పుడైనా చెడిపోతే పని ఆగకూడదని పైదారి కూడా తెరిచి ఉంచింది నేనే, ఆ సంగతే మరిచిపోయాను. డ్రైవర్ ఎక్కించాక తెర నల్లబడింది కదా, అప్పుడు బొమ్మ సరిగ్గా కార్డు దగ్గరికే వెళ్లింది. అక్కడ తీగ లేదు.

ఇదంతా నా ఊహే కావచ్చు. అందుకే కొట్టేసిన ఆ రెండో లైను కూడా టైప్ చెయ్యి. రేకు కూడా విప్పి చూడు. మూడూ ఒకే మాట చెప్పాలి.

తమ్ముడు


ఇంటి నుంచి,
ఏప్రిల్ 4

తమ్ముడికి,

మూడూ ఒకే మాట చెప్పాయి. తీగ పైదానిలో ఉంది. రెండో లైనులో నీ కార్డు పేరు ఉంది. రేకు విప్పితే లోపల కార్డు ఉంది, దాని ఫ్యాను మీద నువ్వు వెళ్లినప్పటి దుమ్ము అలాగే ఉంది. ఆ రేకును ఎవరూ విప్పలేదు. వాడని కింది రంధ్రంలోకి దుమ్ము పోకుండా ఆయన చిన్న రబ్బరు మూత పెట్టారు. ఆ మూత చూసి నేల మీద కూలబడి ఏడ్చాను.

షెడ్డు దగ్గరికి వెళ్లాను. మెట్ల మీదే అంతా చెప్పేశాను, వెనక నక్కి నడిచిన సంగతితో సహా. ఆయన విన్నారు. "ఆ దుకాణంలో చూపించింది కొలత కోసం కత్తిరించుకున్న పాత ఫ్యాను తీగ. అంత పొడుగున్న తెర తీగ ఉందా అని అడిగాను. ఉన్నది ఉన్నట్టు పెట్టాలి కదా, మీ తమ్ముడు పెట్టిన చోటే" అన్నారు. గోడ మేకుకు కొత్త తీగ వేలాడుతోంది. ఇల్లు వదిలి వెళ్లిన మర్నాడే దొరికిందట. నన్ను దొంగ అన్నావే అని ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

ఇంటికి వచ్చారు. బల్ల ముందు తీగ పట్టుకుని నిలబడి, "ముట్టుకోవచ్చా?" అన్నారు. వెక్కిరిస్తున్నారేమో అనుకుని నవ్వబోయాను. ఆయన నవ్వలేదు. కింది రంధ్రంలో బిగించారు. నీ కొత్త కెర్నెల్‌తోనే ఆన్ చేశాం, తెర నల్లబడలేదు. టీచరమ్మ చెయ్యి ఎక్కడా చీలలేదు. పెదవి, మాట ఒకటిగా కదిలాయి. తిప్పి పంపిన పాఠాలన్నీ మళ్లీ చేసి ఇచ్చాను. కుర్చీకి నాలుగో కాలు కూడా వచ్చింది.

కానీ తమ్ముడూ, ఆయన అడగడం మానలేదు. అలమారా తెరవాలన్నా అడుగుతారు. నా బల్ల మీది గ్లాసు తీయాలన్నా అడుగుతారు. నిన్న నా కళ్లద్దాలు జారి కింద పడ్డాయి. తీసి ఇవ్వడానికి సగం వంగి, ఆగిపోయి, నా వైపు చూశారు.

డ్రైవర్ అయితే మళ్లీ ఎక్కించుకోవచ్చు. దీనికి ఏ కాగితం రాసి పంపుతావురా?

అక్క


వాతావరణ కేంద్రం నుంచి,
ఏప్రిల్ 8

బావగారికి,

నమస్కారం. మీకు నేను ఉత్తరం రాయడం ఇదే మొదలు. రాయాల్సిన సమయంలో రాయలేదు కనుక చేతికి అలవాటు లేదు, తప్పులుంటే సర్దుకోండి.

మీరు మా అక్క మెడనొప్పి చూశారు. నేను ఇంత దూరం నుంచి మీ సంచి చూశాను. మిమ్మల్ని దొంగ అన్నది నేను, అక్క కేవలం నా మాట మోసింది. క్షమించమని అడుగుతున్నాను. ఇది కాగితం మీద అడిగితే సరిపోదని నాకూ తెలుసు.

ఇక్కడ స్తంభం మీదికి పరికరాలను ఎక్కించే కప్పీ మోటారు ఒకటుంది. ఎక్కేటప్పుడు సగంలో ఆగి గురకపెడుతుంది. కంపెనీవాళ్లు వస్తామంటారు, రారు. ఇన్నాళ్లూ దాని పెట్టెకు తాళం వేసి ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. మా వంటాయన నన్ను పిశాచంలా చూస్తున్నాడు. లిఫ్టులాంటిదే కదా, మీ చెయ్యి పడితే లేస్తుందని నా నమ్మకం.

పోస్టు బండి సోమ, గురువారాల్లో కొండ ఎక్కుతుంది. డ్రైవరుకు చెప్పి ఉంచాను, ముందు సీటు మీది. అక్కను కూడా తీసుకురండి. వచ్చేటప్పుడు ఆమె ఇంకో జత మేజోళ్లు తెస్తే వద్దనను.

మోటారు పెట్టె తాళంచెవి ఈ కవరులోనే ఉంది. ఇంకొకటి లేదు. మీరు వచ్చేసరికి నేను వాన కొలవడానికి వెళ్లి ఉండవచ్చు. నా కోసం ఆగకండి, అడగకండి, తెరవండి.

మీ బావమరిది